ఎప్‌కాట్ ఫుడ్ అండ్ వైన్ ఉత్సవానికి బెంగళూరు నుంచి వెళ్లేవారు ఎలా సిద్ధం కావాలి

బసవనగుడిలో కార్తిక మాసం చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషెకు ఒక్కసారైనా వెళ్లినవారికి ఈ అనుభవం ఉంటుంది: రోడ్డు మొదట్లో కనబడిన రాశి దగ్గరే సంచి నింపుకుంటే, దొడ్డ గణపతి గుడి దగ్గరికి చేరేసరికి అంతకంటె మంచి కాయ కనిపించి మనసు పీకుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఏటా జరిగే ఎప్‌కాట్ అంతర్జాతీయ ఫుడ్ అండ్ వైన్ ఉత్సవంలోనూ చాలామంది చేసే పొరపాటు ఇదే. అక్కడ సంచికి బదులు కడుపు నిండుతుంది, రూపాయలకు బదులు డాలర్లు ఖర్చవుతాయి. పిల్లలను చూడడానికి మారతహళ్లి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో అమెరికా బయలుదేరే తెలుగు తల్లిదండ్రులనూ, దసరా సెలవులు కలిసివచ్చేలా ప్రయాణం పెట్టుకునే కుటుంబాలనూ దృష్టిలో పెట్టుకొని, ఆ ఒక్క రోజును ఎలా సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఆ ఉత్సవం స్వరూపం తెలుసుకోండి. డిస్నీ వరల్డ్‌లో నాలుగు పెద్ద వినోద పార్కులున్నాయి. వాటిలో ఎప్‌కాట్ 1982 అక్టోబరు 1న తెరుచుకుంది, అందులో ఈ ఉత్సవం 1996లో మొదలైంది. పార్కు వెనుక భాగాన్ని వరల్డ్ షోకేస్ అంటారు. అక్కడ ఒక పెద్ద చెరువు చుట్టూ మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా అనే పదకొండు దేశాల మండపాలు వరుసగా ఉంటాయి. ఉత్సవ కాలంలో ఈ మండపాల మధ్యనా, పార్కు ముందు భాగంలోనూ చిన్న చిన్న స్టాళ్లు వెలుస్తాయి, వాటిని గ్లోబల్ మార్కెట్‌ప్లేస్‌లు అని పిలుస్తారు. ఒక్కొక్క స్టాల్‌లో రెండు మూడు వంటకాలు, కొన్ని పానీయాలు ఉంటాయి. ఉత్సవానికి వేరే టికెట్టు లేదు, పార్కు టికెట్టే చాలు. తిన్నదానికీ తాగినదానికీ మాత్రం ఎక్కడికక్కడ డబ్బు చెల్లించాలి. మన వి.వి.పురంలో జరుగుతూ వచ్చిన అనపకాయల మేళాను ఎరిగినవారికి, నిలబడి తినే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

తేదీ ఎంచుకోవడం

ఉత్సవం సాధారణంగా ఆగస్టు చివర మొదలై నవంబరు మూడో వారం దాటేదాకా సాగుతుంది. 2024లో ఆగస్టు 29 నుంచి నవంబరు 23 వరకు, 2025లో ఆగస్టు 28 నుంచి నవంబరు 22 వరకు జరిగింది. విమాన టికెట్లు కొనే ముందు ఆ ఏటి తేదీలను డిస్నీ వెబ్‌సైటులో చూసుకోండి. తర్వాత ఈ మూడు నెలల్లో మీకు తగిన వారాన్ని ఎంచుకోవాలి, ఇందులో కాస్త ఆలోచన అవసరం.

సెప్టెంబరులో జనం తక్కువ, ఎండ ఎక్కువ. ఆ నెలలో ఓర్లాండోలో పగటి ఉష్ణోగ్రత 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంకె చూస్తే భయపడవలసింది కాదనిపిస్తుంది గానీ, గాలిలో తేమ మూలంగా అది చెన్నై ఉక్కపోతను తలపిస్తుంది, బెంగళూరు చల్లదనానికి అలవాటుపడిన శరీరం ఒక గంటకే అలసిపోతుంది. పైగా మధ్యాహ్నం పూట ఉరుములతో వానలు పడడం అక్కడ మామూలు. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అట్లాంటిక్ తుపానుల కాలం కూడాను. 2024 అక్టోబరు 10న మిల్టన్ తుపాను కారణంగా డిస్నీ పార్కులన్నీ మూసివేశారు. అందువల్ల హోటలును రద్దుచేసుకోగలిగే పద్ధతిలోనే తీసుకోండి, ఎప్‌కాట్‌ను యాత్రలోని చివరి రోజుకు నెట్టకండి. నా అభిప్రాయంలో అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మొదటి పక్షం వరకు వాతావరణం అన్నిటికంటె హాయిగా ఉంటుంది.

అయితే మన ఇళ్లలో అక్కడే ఒక చిక్కు వస్తుంది. దీపావళి మరునాటి నుంచి కార్తికం. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది గనుక ఉత్సవపు చివరి నెల ఇంచుమించు మొత్తం కార్తిక మాసంలోనే గడిచింది. ఆ నెలలో మాంసం, మద్యం ముట్టనివారు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేసేవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు, అలాంటివారు అంత ఖరీదైన టికెట్టు కొని లోపల నీళ్లు తాగి రావడంలో అర్థం లేదు. మహాలయ పక్షం పాటించేవారు సెప్టెంబరును కూడా పంచాంగంతో సరిచూసుకోవాలి. ఇంట్లో పెద్దవారిని అడిగి, పంచాంగాన్నీ ఉత్సవ తేదీలనూ పక్కపక్కన పెట్టుకొని వారం నిర్ణయించండి.

వారంలో ఏ రోజు అన్నది తేలిక ప్రశ్న: సోమవారం నుంచి గురువారం లోపల ఏదైనా. ఓర్లాండో చుట్టుపక్కల వారికి ఏడాది పొడవునా చెల్లే పాస్‌లు ఉంటాయి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు వారంతా ఇక్కడే ఉంటారు. అక్టోబరు రెండో సోమవారం, నవంబరు 11 వంటి అమెరికా సెలవు రోజులను కూడా తప్పించండి.

విమానం దిగిన మర్నాడే పార్కుకు వెళ్లకండి. నవంబరు మొదటి ఆదివారం వరకు మన గడియారం ఫ్లోరిడా కంటె తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అంటే అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకు మీ శరీరానికి రాత్రి పన్నెండున్నర. సరిగ్గా ఎండ, జనం, నిద్ర మూడూ కలిసే ఆ వేళ చేతిలో ప్లేటుతో క్యూలో నిలబడడం శిక్ష. కనీసం మూడు రాత్రులు నిద్రపోయిన తర్వాతి రోజును పెట్టుకోండి.

టికెట్టు, డబ్బు

టికెట్టు ధర తేదీని బట్టి మారుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ల వారికి కొంచెం తక్కువ, పదేళ్లు నిండితే పెద్దల ధరే. పైన 6.5 శాతం అమ్మకపు పన్ను పడుతుంది. తేదీ వేసిన టికెట్టు కొన్నవారు 2024 జనవరి 9 నుంచి విడిగా పార్కు రిజర్వేషన్ చేసుకోనవసరం లేదు, కాబట్టి పాత వీడియోలు చూసి కంగారుపడకండి. ఒకే రోజు రెండు పార్కులు తిరిగే పార్క్ హాపర్ టికెట్టు ఈ రోజుకు దండగ.

తిండి ఖర్చుకు ముందే ఒక హద్దు గీసుకోవాలి. స్టాళ్లలో ఒక్కొక్క వంటకం దాదాపు 5 నుంచి 10 డాలర్ల మధ్య ఉంటుంది. మొత్తం నాలుగైదు ముద్దలకు మించదు. దానిని రూపాయల్లోకి మార్చి చూస్తే, ఆ డబ్బుతో వి.వి.పురం తిండి వీధిలో కుటుంబమంతా దోసెలు తినవచ్చునని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ లెక్క ఇంట్లోనే ముగించి, అక్కడికి వెళ్లాక మళ్లీ ఎత్తకూడదని ఒప్పందం చేసుకోవడం మేలు. నలుగురికి కలిపి ఎనిమిది నుంచి పది వంటకాలు అనుకొని, ఆ మేరకు సొమ్మును డిస్నీ గిఫ్ట్ కార్డులో వేసుకుంటే, కార్డు ఖాళీ కావడంతో ఉత్సవమూ పూర్తవుతుంది. మన బ్యాంకుల క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ ఖర్చుపై 3.5 శాతం వరకు రుసుము, దానిపై జీఎస్టీ పడతాయి కనుక ఫారెక్స్ కార్డు గానీ, అక్కడ ఉన్న పిల్లల కార్డు గానీ వాడండి.

ఏమి తినాలి, ఏమి వదిలేయాలి

ఇంట్లో ఉండగానే చేయవలసిన అసలు పని ఇది. ఉత్సవం మొదలయ్యే ముందే ఆ ఏటి స్టాళ్ల జాబితా, వంటకాలు డిస్నీ వెబ్‌సైటులోనూ, మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లోనూ వస్తాయి. ఒక ఆదివారం అందరూ కూర్చొని చదవండి, ఒక్కొక్కరు మూడు చొప్పున ఎంచుకోండి. రెండు జాబితాల్లో ఒకే పేరు వస్తే ఒకటి కొట్టేయండి. పార్కు గుమ్మంలో ఫెస్టివల్ పాస్‌పోర్టు అని ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తారు. అందులో అన్ని స్టాళ్లూ, వంటకాలూ వరుసగా ఉంటాయి, మీ జాబితాను దానిలో గుర్తుపెట్టుకోండి. అసలు పాస్‌పోర్టు కూడా చేతిలో ఉండే రోజు గనుక, ఏ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో చూసే పని ఒకరికి అప్పగించడం అవసరం.

శాకాహారులు మరింత జాగ్రత్తగా చదవాలి. జాబితాలో ఆకు గుర్తుతో ప్లాంట్ బేస్డ్ అని ఉన్న వంటకాల్లో మాంసమే కాదు, పాలు, గుడ్లు కూడా ఉండవు. మన లెక్కలో నిశ్చింతగా తినదగినవి అవే. అయితే వాటిలో కొన్ని మాంసం రూపంలో, మాంసం రుచి వచ్చేలా చేసినవి. చూడగానే అత్తగారు ప్లేటు పక్కన పెట్టేస్తే ఆశ్చర్యపోకండి, ముందే చెప్పి ఉంచండి. ఆ గుర్తు లేకుండా కేవలం కూరగాయలూ చీజూ మాత్రమే కనబడే వంటకాల్లో కొన్ని మెలికలు ఉంటాయి. సూపు కోడి మాంసం ఉడికించిన నీటితో చేసి ఉండవచ్చు. నోరూరించే మూస్ అనే నురగలాంటి తీపి వంటకాల్లో, మార్ష్‌మాలో అనే మెత్తని మిఠాయిల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు. ఇటలీ పార్మిజానో రెజ్జానో, స్విట్జర్లాండు గ్రూయెర్ వంటి సంప్రదాయ చీజులలో పాలను విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. ఇది ఎంతవరకు పట్టించుకోవాలన్నది మీ ఇంటి నియమం. ఐదు చీజు వంటకాలు తిని, పుస్తకంలో ముద్రలు వేయించుకుంటే చివర ఒక బహుమతి వంటకం ఇచ్చే ఎమిల్స్ ఫ్రొమాజ్ మాంటాజ్ అనే ఏర్పాటు మీద ఆశపడే శాకాహారులకైతే ఈ విషయం తెలిసి ఉండాలి.

గోమాంసం తిననివారు కెనడా స్టాల్ దగ్గర జాగ్రత్త వహించాలి. ఉత్సవంలో ఎన్నో ఏళ్లుగా అన్నిటికంటె పేరు మోసినవి అక్కడి ఫిలే మిన్యోన్, చెడ్డార్ చీజ్ సూపు. మొదటిది గోమాంసం, రెండోదానిలో బేకన్ అంటే పంది మాంసం. పొడుగాటి క్యూ చూసి ఏదో గొప్ప వస్తువని నిలబడడం మనకు అలవాటే, ఇక్కడ మాత్రం ముందు పలక చదవాలి. ప్రతి స్టాల్‌లోనూ అలర్జీల వివరాల పట్టిక ఉంటుంది, అడిగితే చూపిస్తారు. “ఇందులో మాంసపు నీరు ఉందా, జెలటిన్ ఉందా” అని నేరుగా అడగండి, మొహమాటపడనక్కరలేదు.

కొన్ని సంవత్సరాల ఉత్సవాల్లో ఇండియా పేరుతోనూ ఒక స్టాల్ వచ్చింది. పదకొండు శాశ్వత మండపాల్లో మన దేశం లేదు కనుక ఆ పేరు చూడగానే కాళ్లు అటే లాగుతాయి. అయినా అంత దూరం వెళ్లి కూర, రొట్టె తినడం కన్నా, తెలియని వంటకానికి ఆ ఎనిమిది డాలర్లు పెట్టడమే మంచిదని నా ఉద్దేశం. ఇంటి భోజనం లేనిదే ఉండలేనివారికి ఇంకో దారి ఉంది: వేడిచేయనక్కరలేని బయటి ఆహారాన్ని డిస్నీ పార్కుల్లోకి తీసుకువెళ్లనిస్తారు. గాజు పాత్రలు మాత్రం కుదరవు. కాబట్టి పులిహోర భేషుగ్గా తీసుకువెళ్లవచ్చు, ఆవకాయను సీసాతో కాక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి. మధుమేహం ఉన్నవారు, మాత్రలు వేసుకునేవారు దీనినే మధ్యాహ్న భోజనం అనుకొని, స్టాళ్లలోవి రుచి చూడడానికే పరిమితం చేసుకుంటే సాయంత్రానికి ఒంట్లో బాగుంటుంది. క్విక్ సర్వీస్, అంటే కౌంటర్ దగ్గరే కొనుక్కునే హోటళ్లలో అడిగితే గ్లాసుతో చల్లని నీళ్లు ఉచితంగా ఇస్తారు, సీసా నీళ్లు కొనవద్దు.

ఒక వంటకం కొని నలుగురూ పంచుకోవడమే ఈ ఉత్సవానికి సరైన పద్ధతి, అందులో మనకు ఎంగిలి ఇబ్బంది ఉంది. ప్లేటులో ఫోర్కు పెట్టే ముందే పంచేయాలి. అందుకని ఒక పది చిన్న కాగితపు ప్లేట్లు, చెంచాలు, తడి తుడుపు కాగితాలు సంచిలో వేసుకోండి. కూర్చోవడానికి చోటు దొరకడం కష్టం. ఎత్తుగా నిలబడి తినే బల్లలు కొన్ని ఉంటాయి. ఒకరు క్యూలో ఉండగా ఇంకొకరు బల్ల పట్టుకోవాలి.

ఆ రోజు నడక

ఎప్‌కాట్ విస్తీర్ణం సుమారు 300 ఎకరాలు, అంటే మన లాల్‌బాగ్ 240 ఎకరాల కంటె పెద్దది. చెరువు చుట్టూ దారి దాదాపు రెండు కిలోమీటర్లు. స్టాళ్లు, మండపాలు, తిరుగుళ్లు కలుపుకుంటే రోజుకు ఎనిమిది పది కిలోమీటర్ల నడక అవుతుంది. బయలుదేరే నెల ముందు నుంచే ఉదయం నడక మొదలుపెట్టండి, కొత్త చెప్పులు అక్కడ తొడగకండి. గొడుగుకు బదులు పలుచని రెయిన్‌కోటు తీసుకోండి, గొడుగు విప్పితే క్యూలో పక్కవారి కంట్లో పొడుచుకుంటుంది.

ఉదయం గేటు తెరిచే వేళకే లోపల ఉండండి. వరల్డ్ షోకేస్ సాధారణంగా పదకొండు గంటలకు తెరుస్తారు. ఆ లోపు ముందు భాగంలోని రైడ్లు చూడాలి. పెద్ద గోళంలో ఉండే స్పేస్‌షిప్ ఎర్త్, పడవలో కూర్చొని పొలాలూ గాజు ఇళ్ల సేద్యమూ చూసే లివింగ్ విత్ ద ల్యాండ్ పెద్దవారికి అనువైనవి. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన నాన్నగార్లు ఆ రెండోదాని నుంచి బయటికి రావడానికి ఒప్పుకోకపోవచ్చు. 2022లో మొదలైన గార్డియన్స్ రోలర్ కోస్టర్ కుర్రవాళ్లకు. అది ఎక్కాలనుకునేవారు తినక ముందే ఎక్కాలని వేరే చెప్పనక్కరలేదు.

పదకొండు గంటలకు చెరువు దగ్గరికి చేరితే రెండు దారులు. మెక్సికోతో మొదలుపెట్టి కెనడాతో ముగిస్తే చెరువు కుడిచేతివైపు ఉంటుంది, అంటే ప్రదక్షిణ దిశ. మన కాళ్లు సహజంగా అటే వెళ్తాయి, మెక్సికో పక్కన నార్వేలో ఫ్రోజెన్ రైడ్ ఉండడం వల్ల పిల్లలున్న కుటుంబాలూ అటే వెళ్తాయి. కాబట్టి ఈ ఒక్కచోట అప్రదక్షిణంగా, కెనడా వైపు నుంచి మొదలుపెట్టమని సలహా ఇస్తాను. పైగా క్యూ పెరగక ముందే ఆ వైపు స్టాళ్లు అయిపోతాయి. మొదట కొనకుండా నాలుగైదు స్టాళ్లు నడిచి చూడండి, వంటకం ఎంత ఉందో పక్కవారి ప్లేటులో కనబడుతుంది. మధ్యాహ్నం ఒకటి రెండు గంటల లోపే మీ జాబితాలో సగం పూర్తి చేసుకొని, ఆ తర్వాత ఎండవేళ కూర్చునే చోట్లకు వెళ్లిపోండి. అమెరికా మండపంలో అరగంట ప్రదర్శన, ఫ్రాన్స్ మండపంలో సినిమా రెండూ చల్లని హాల్లో కుర్చీల మీద చూసేవే. చైనా, కెనడా మండపాల్లోని సినిమాలు చుట్టూ తెరలతో నిలబడి చూడవలసినవి. మోకాళ్ల నొప్పులున్నవారిని అక్కడికి తీసుకుపోకండి.

నడవలేనివారికి గేటు దగ్గర వీల్‌చైర్లు, బ్యాటరీ బండ్లు అద్దెకు ఇస్తారు, ఆలస్యమైతే అయిపోతాయి. చెరువు మీద తిరిగే ఫ్రెండ్‌షిప్ పడవలు ముందు భాగం నుంచి జర్మనీ, మొరాకో మండపాల దగ్గరికి చేరుస్తాయి. అమ్మను పడవ ఎక్కించి మీరు నడిచి వెళ్లి అవతలి రేవులో కలుసుకోవచ్చు. పిల్లలకు తిండి మీద ఆసక్తి త్వరగా పోతుంది. అప్పుడు పనికొచ్చేది రెమీ ఎలుక బొమ్మలు వెతికే ఆట. దాని మ్యాప్ కొని, ఒక్కొక్క మండపంలో దాగిన బొమ్మను కనిపెట్టి స్టిక్కర్ అంటించుకుంటూ పోతే పెద్దవారికి ప్రశాంతత, చివర పిల్లలకు బహుమతి.

వైన్ సంగతి

ఫ్లోరిడాలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. తల నెరిసినవారినైనా గుర్తింపు పత్రం అడగవచ్చు. ఆధార్ కార్డు పనికిరాదు, అసలు పాస్‌పోర్టు చూపించాలి. బయటి నుంచి మద్యం లోపలికి తేకూడదు. స్టాళ్లలో ఇచ్చే వైన్ కొలత చిన్నదే గానీ, ఎండలో, నిద్ర చాలని స్థితిలో అది ఎక్కువ ఎక్కుతుంది. ప్రతి గ్లాసుకూ మధ్య ఒక గ్లాసు నీళ్లు తాగండి. పదకొండు దేశాల్లోనూ ఒక్కొక్క గ్లాసు తాగి చుట్టేయాలనే పందెం అక్కడి కుర్రవాళ్లలో ఉంది, దానిలో చేరవద్దు.

మన ఇళ్లలో దీనికి ఇంకో కోణం ఉంది. మామగారి ఎదుట అల్లుడూ, తండ్రి ఎదుట కొడుకూ గ్లాసు పట్టుకోవడానికి జంకుతారు. పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకోలేరు. రోజంతా ఇరువైపులా బిగుసుకుపోవడం కంటె, సాయంత్రం ఒక గంటసేపు విడిపోయి, పెద్దలు అమెరికా గార్డెన్స్ థియేటర్‌లో ఈట్ టు ద బీట్ కచేరీ వింటూ ఉంటే మిగిలినవారు ఫ్రాన్స్, ఇటలీ వైపు వెళ్లి వచ్చే ఏర్పాటు అందరి మర్యాదనూ నిలబెడుతుంది. ఆ కచేరీకీ పార్కు టికెట్టే చాలు. మళ్లీ కలుసుకునే చోటు, సమయం ముందే చెప్పుకోండి. పెద్దలకు అక్కడి ఫోన్ కనెక్షన్ లేకపోతే పార్కు ఉచిత వైఫైలో వాట్సాప్ పనిచేస్తుందో లేదో ఉదయమే చూడండి.

తిరిగి వెళ్లేటప్పుడు కారు ఎవరు నడుపుతారో ఉదయమే తేల్చాలి, ఆ మనిషి గ్లాసు ముట్టకూడదు. ఫ్లోరిడాలో రక్తంలో మద్యం పరిమితి 0.08 శాతం, మన దేశంలో 0.03. అక్కడ ఎక్కువ ఉందికదా అని ధైర్యపడవద్దు. పరాయి దేశంలో, కుడివైపు నడిచే రోడ్ల మీద, వీసా మీద ఉన్నవారు చేయదగిన సాహసం కాదు. అందరూ తాగదలచుకుంటే ఊబర్ మాట్లాడుకోండి.

రాత్రి చెరువు మీద బాణసంచా ప్రదర్శన ముగియగానే వేలమంది ఒక్కసారిగా గేటు వైపు కదులుతారు. అందులో దూరకుండా ఇరవై నిమిషాలు ఒడ్డునే బెంచీ మీద కూర్చొని, మిగిలిన పులిహోర ఉంటే అప్పుడు తినేయండి. కారు నిలిపిన వరుస పేరు, అంకె ఉదయం దిగగానే ఫోటో తీసి ఉంచుకుంటే, చీకట్లో అంత పెద్ద పార్కింగ్ మైదానంలో పిల్లలను ఎత్తుకొని తిరగవలసిన పని ఉండదు.